పళ్ళెం తుపాకి నోరు తెరిచిన రోజు

నేను ఒక నిండు సభలో మాట పడిపోయిన తుపాకిని.

మూడో తూటాల పళ్ళెం సగం దాకా బాగానే పాడాను. ఎదురుగా మట్టిదిబ్బ, దాని ముందు అట్టబొమ్మలు వరసగా తలలు వంచుతున్నాయి. వెనక షామియానా కింద కుర్చీల్లో దొరలు. ఉన్నట్టుండి నా లోపల ఏదో జావగారిపోయింది. ముందుకు దూకాల్సిన బోల్టు దారిలోనే నిలబడిపోయింది. మైదానమంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. మౌలాలి గుట్ట మీద కొట్టుకుంటున్న ప్రతిధ్వని కూడా సిగ్గుపడి ఆగిపోయింది.

నన్ను పట్టుకుని బోర్లా పడుకున్న నాయక్ పోలినాయుడు పిడి లాగి వదిలాడు. అది సగం దూరం వెళ్ళి ఆగింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ అంతే.

"ఏటైనాదే నీకు?" అన్నాడు నాతో, పళ్ళ సందున. "నిన్న దాకా బాగున్నావు కదే."

పక్కన పళ్ళాలు అందించే దావీదు మెల్లగా అన్నాడు. "అన్నా, దొరలు లేస్తన్నారు."

దొరల్లో అందరికంటే ముందు వచ్చినవాడు కెప్టెన్ ఎల్లిసన్, మా దళానికి పెద్ద. వంగి నన్ను చూశాడు. నా ఒంటినిండా ముందురోజు ఆయుధపూజలో పెట్టిన బొట్లున్నాయి. ఆయన బాధగా తల ఊపి, వెనకున్న కర్నల్‌తో ఇంగ్లీషులో అన్నాడు. "కుంకుమ, సర్. యంత్రంలో పడింది. పాపం, భక్తి కొద్దీ చేస్తారు. వీళ్ళను కఠినంగా చూడకండి."

కఠినంగా చూడవద్దన్న ఆ మాటతోనే పోలినాయుడి మెడకు ఉరి బిగిసింది. ప్రభుత్వ ఆయుధాన్ని పాడుచేసినందుకు సైనిక విచారణ, పింఛను లేకుండా ఇంటికి. ఆ తెలుగు సిపాయికి ఇంగ్లీషు రాదు. నాకు వచ్చు. నేను పుట్టిందే ఇంగ్లండులో.

ఇప్పుడు నేను ఒక మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. పెట్టె మీద రేకు ముక్కలో నా పేరు లూయిస్ గన్ అనీ, బరువు ఇంతనీ, దూరం అంతనీ రాశారు. బడిపిల్లలు ముక్కు అద్దానికి ఆనించి చదివి వెళ్ళిపోతారు. ఆ రేకులో లేని సంగతి మీకు చెప్తాను.

పెద్ద యుద్ధం మూడో ఏట నేను పుట్టాను. మగవాళ్ళంతా యుద్ధానికి పోతే ఆడవాళ్ళు కర్మాగారంలో నన్ను కూర్చారు. లావుపాటి గొట్టం, నెత్తిన గుండ్రంగా తిరిగే పళ్ళెం లాంటి మేగజైన్, అందులో నలభై ఏడు తూటాలు. కడుపులో గడియారంలో ఉండేలాంటి చుట్ట స్ప్రింగు. తుపాకులన్నిటికీ బారెడు స్ప్రింగుంటే నాకు మాత్రం గడియారం స్ప్రింగు పెట్టారు. అందుకే నా ఆరోగ్యం ఎలా ఉందో చూడాలంటే వైద్యుడు అక్కర్లేదు, కొక్కెం త్రాసు చాలు. పిడికి తగిలించి లాగితే నా బలం ఎంతో ముల్లు చెప్పేస్తుంది.

ఓడెక్కి బస్రాలో దిగాను. టైగ్రిస్ నది బురదలో మద్రాసు సిపాయిలు నన్ను భుజాన మోశారు. ఇక యుద్ధాలే ఉండవు, ఇదే ఆఖరిదని అందరూ సంతకాలు పెట్టిన వారం నుంచే నాకు రోజూ నూనె పెట్టడం మొదలైంది. నాకు అర్థం కాలేదు. తరవాత సరిహద్దు కొండల్లో ఐదేళ్ళు. అక్కణ్ణించి మా పటాలంతో సికింద్రాబాదు చేరాను. ఊళ్ళోవాళ్ళు దాన్ని లష్కర్ అంటారు. మా పటాలం పని రోడ్లు వేయడం, వంతెనలు కట్టడం, అవసరమైతే తుపాకి పట్టడం. నా పళ్ళెం చూసి మావాళ్ళు నన్ను పళ్ళెం తుపాకి అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

నాకు మాట పడిపోయిన ఆ ఏడు దూరాన జెనీవాలో దేశాలన్నీ కూర్చుని ఆయుధాలు తగ్గించుకుందామని మాట్లాడుకుంటున్నాయి. ఇక్కడ నా చోట కొత్త తుపాకి కొనాలా వద్దా అని దానికీ నాకూ పోటీ పరీక్ష జరుగుతోంది. మనుషులు ఈ రెండు పనులూ ఒకే ఏడాది, ఒకే ముఖంతో చేయగలరు.

కొత్త తుపాకి పట్టుకొచ్చినవాడు టర్న్‌బుల్ అనే కంపెనీ ఏజెంటు. ఎర్రటి ముఖం, పెద్ద గొంతు. తీర్పు చెప్పడానికి వచ్చినవాడు కర్నల్ బ్రాక్‌వే. ఇంగ్లండు నుంచి కొత్తగా దిగాడు. ఇక్కడి భాష ఒక్కటీ రాదు. అందుకని దుబాసీ పని కెప్టెన్ ఎల్లిసన్ నెత్తిన వేసుకున్నాడు.

ఎల్లిసన్ అంటే పటాలంలో అందరికీ ఇష్టం. మునిషీని పెట్టుకుని తెలుగు నేర్చాడు. ఆ మునిషీ ఎక్కడివాడో గాని, దొర నోరు విప్పితే పాత పుస్తకం పేజీ తిప్పినట్టుండేది. "దావీదూ, నీవు భోజనము చేసితివా?" అని అడిగితే, దావీదు నవ్వాపుకుని "చేసితిని దొరా" అనేవాడు. ఏటా దసరాకి ఎల్లిసన్ బూట్లు విప్పి పూజలో కూర్చునేవాడు. సిపాయిలు పొద్దున్నే గంధం తీసి ఆయుధాలన్నిటికీ చుక్కలు పెట్టేవాళ్ళు. ముహూర్తానికి దొర వచ్చేవాడు. సుబేదారు చెంగల్రాయుడు కుంకుమ భరిణె అందిస్తే, నా ఒంటి మీది గంధం చుక్కలన్నిటి మీదా దొర తన ఉంగరపు వేలితో కుంకుమ అద్దేవాడు. ఫోటో కూడా తీయించుకునేవాడు.

ఆ ఏడు కూడా అలాగే జరిగింది. పూజయ్యాక నా మీద పట్టుగుడ్డ కప్పారు. మర్నాడు విజయదశమికి తీసేదాకా పూజలో పెట్టిన ఆయుధాన్ని ఎవరూ ముట్టుకోరు. సిపాయిలంతా మేకమాంసం విందుకు పోయారు. క్రైస్తవుడు గనక కాపలా నేనుంటాలెమ్మని దావీదు గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నం గుడ్డ కిందికి ఒక చెయ్యి వచ్చింది. నా కడుపు దగ్గరి డబ్బీ తెరిచింది. స్ప్రింగు నాలుగు పళ్ళు వదులు చేసింది. మూసింది. కాసేపు ఆగి, ఒక వేలు వచ్చి ఆ డబ్బీ అతుకు మీద కుంకుమ అద్దింది.

ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. చెప్పగలిగే నోరు నాకుంటే ఈ కథే ఉండేది కాదు.

మేం కాల్చిన ఆ చాంద్‌మారి మైదానంలోనే డేరా వేసి విచారణ పెట్టారు. బల్ల మీద నన్ను పడుకోబెట్టారు. బల్ల వెనక కర్నల్, ఆయన పక్కన ఎల్లిసన్, ఓ మూల టర్న్‌బుల్ చుట్ట కాలుస్తూ.

"ఏమి జరిగినదో కర్నల్ దొరగారికి విన్నవింపుము," అన్నాడు ఎల్లిసన్.

పోలినాయుడు నిటారుగా నిలబడ్డాడు. "కుంకం కాదండి. దుమ్ము గాని, పొడి గాని పడితే పిడి ఎనక్కి రాదండి. ఇది ఎనక్కి బాగానే వచ్చినాది, ముందుకెళ్ళడం మానేసినాది. అంటే స్ప్రింగులో బలం పోయినాదండి. మొన్న నాను తూసినప్పుడు సరిగ్గానే ఉన్నాది. పూజలో పెట్టినాక ఎవడో తీసినాడండి. నాను ఒట్టేసి సెప్తాను."

ఎల్లిసన్ శ్రద్ధగా విన్నాడు. కర్నల్ వైపు తిరిగి ఇంగ్లీషులో అన్నాడు. "పొడి పడి ఉండవచ్చు అంటున్నాడు, సర్. క్షమించమంటున్నాడు."

నా ఇనుమంతా ఒక్కసారి వేడెక్కింది. కాల్చకుండానే వేడెక్కడం నా బతుకులో అదే మొదలు.

పోలినాయుడు కనుబొమలు ముడిచాడు. అతనికి ఇంగ్లీషు తెలియదు గాని పొడుగూ పొట్టీ తెలుసు. "నాను అంత సెప్తే దొర అంతే సెప్పినాడేటి?" అని గొణిగాడు.

ఇక తీర్పు రాయడమే అనగా మూల నుంచి టర్న్‌బుల్ గొంతు వినిపించింది. "కర్నల్, ఒక్క నిమిషం." లేచి వచ్చి, జేబులోంచి తన కొక్కెం త్రాసు తీసి నా పిడికి తగిలించి లాగాడు. ముల్లు సగంలోనే ఆగింది. "పొడీ లేదు, గిడీ లేదు. ఈ తుపాకి స్ప్రింగు ఎవరో వదులు చేశారు. మనిషి కావాలని చేస్తే తప్ప ఇంత దిగదు."

"నీ తుపాకి గెలిచింది కదా, టర్న్‌బుల్," అన్నాడు కర్నల్ ఆశ్చర్యంగా.

"గెలిచిందా? కాళ్ళు కట్టేసినవాణ్ణి పడగొట్టి కుస్తీ గెలిచానని నేను చెప్పుకోలేను. రేపు మళ్ళీ పెట్టండి. నా తుపాకి దీన్ని నిలబెట్టి కొట్టగలదు."

ఎర్రముఖం మనిషి మీద నాకు అప్పటిదాకా ఉన్న అభిప్రాయం మార్చుకున్నాను. తుపాకులకూ తప్పు లెక్కలుంటాయి.

ఎల్లిసన్ కర్నల్ వైపు వంగాడు. తరవాత మెత్తగా అన్నాడు. "అలాగైతే, సర్, పూజ గది దగ్గర మధ్యాహ్నమంతా ఉన్నది ఒక్కడే. కాపలా సిపాయి దావీదు. క్రైస్తవుడు. ఈ పూజలంటే వాడికి గిట్టదు. చెప్పడానికి నాకు మనసు రావడం లేదు."

కర్నల్ పెన్ను మూత పెట్టాడు. ఇద్దర్నీ ఖైదు కొట్లో పెట్టమన్నాడు. మర్నాడు పొద్దున మళ్ళీ పరీక్ష, ఆ వెంటనే తీర్పు.

ఆ సాయంత్రం పొద్దుండగానే ఎల్లిసన్ కొట్టు దగ్గరికి వచ్చాడు. సాక్ష్యం గనక నన్నూ అక్కడే, బయటి వైపు కటకటాలకు ఆనించి ఉంచారు. దొర కటకటాల బయట నిలబడి మునిషీ తెలుగులో మొదలుపెట్టాడు.

"నాయుడూ, నీవు నాకు బిడ్డవంటివాడవు. స్ప్రింగును నేనే పొరపాటున వదులు చేసితినని రేపు ఒప్పుకొనుము. నీ చారలు రెండును పోవును. ఉద్యోగమును పోవును. అంతియే. ఒప్పుకొననియెడల దావీదు చెరసాలకు పోవును. ఎన్ని యేండ్లో నేను చెప్పజాలను."

"దావీదు సెయ్యలేదండి."

"చేసెనని నేనును అనుట లేదు. అనువారు అందురు. ఆలోచించుకొనుము."

బూట్ల చప్పుడు దూరమయ్యింది. దావీదు పోలినాయుడి పక్కకు జరిగాడు.

"అన్నా, నువ్వు ఒప్పుకోబాక."

"ఒప్పుకోకపోతే నువ్వు జైలుకెల్తావు."

"పోతే పోతాను. ఒంగోలు మిషను బడిలో చదివినప్పుడు చూసిన బెత్తాల కన్నా ఎక్కువేంది ఆ జైలు?"

"నోరు ముయ్యి. నీకు పెల్లాం ఉన్నాది."

"నీకు లేదా?"

"నాకుంది గాని, నాను ఉద్యోగం ఊడి ఇంటికెల్తే అది తిడతాది. నువ్వు జైలుకెల్తే నీ పెల్లాం ఏడుస్తాది. తిట్లు నాను పడగలను."

దావీదు నవ్వాడు. లేచి నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. నా మీది బొట్లు ఒక్కొక్కటే చూస్తూ, "అయినా పూజకి ముందు నువ్వే కదా గంధం పెట్టింది. ఇక్కడ మర్చిపోయినావేంది?" అన్నాడు.

"ఎక్కడరా?"

"ఇక్కడ. ఈ డబ్బీ అతుకు మీద. కుంకుమ వొట్టిదే ఉంది. నూనెలో నానిపోయి నల్లబడింది. మిగతా వాటి కింద పచ్చగా గంధం అంచు కనబడతాంది కదా."

పోలినాయుడు మోకాళ్ళ మీద జరిగి వచ్చాడు. చూశాడు. వేలితో ముట్టుకోబోయి ఆగాడు.

"నాను మర్సిపోలేదురా. అతుకు మీదే పెద్ద సుక్క పెట్టినాను. డబ్బీ తెరిస్తే అది రెండు ముక్కలైపోతాది. తెరిసినోడు, సుక్క పగిలిపోతే తుడిసేసి కొత్తది పెట్టినాడు."

"గంధం పెట్టకుండానా? కుంకుమ అట్టా నిలబడదని ఎవురికి తెలీదు? మా నాయనమ్మ చర్చికి పోతా కూడా పసుపు రాసి మరీ బొట్టు పెట్టేది. పాదిరి దొర కసురుకుంటే, పసుపు లేని బొట్టు అరిష్టమని ఆయనకే చెప్పేది. నాకు తెలుసు. సుబేదారుకి తెలుసు. పటాలంలో వంటోడికి తెలుసు."

"టర్న్‌బుల్ దొర లోపలికొచ్చినాడేటి?"

"బూట్లతో వస్తంటే నేనే గుమ్మంలో ఆపాను. తొంగి చూసి పోయినాడు. సుబేదారు దీపంలో నూనె పోసి బయటికొచ్చినాడు. ఇంకొకాయన..." దావీదు ఆగిపోయాడు.

ఇంకొకాయన బూట్లు విప్పి, చేతులు జోడించి, లోపలికి వెళ్ళాడు. అందుకే ఆయన లోపల ఏం చేస్తున్నాడో దావీదు చూడనే లేదు.

పోలినాయుడు నెమ్మదిగా అన్నాడు. "గంధం పెట్టడం ఎప్పుడూ సూడనోడు. ఆడు వచ్చేసరికి గంధం ఎప్పుడూ పెట్టేసే ఉంటాది. ఆడికి తెల్సిందల్లా కుంకం అద్దడమే."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పేరు మాత్రం ఎవరూ పలకలేదు. ఒక దొర పేరు కొట్లో కూర్చుని పలికితే గోడలే చెప్పేస్తాయని భయం. అందులోనూ ఆ పేరును కర్నల్‌కు ఇంగ్లీషులో చెప్పాల్సింది ఆ పేరుగలవాడే.

అన్నం తెచ్చిన సుబేదారు చెంగల్రాయుడితో పోలినాయుడు గుసగుసగా నాలుగు మాటలు చెప్పాడు. ముసలాయన మీసం నిమురుకుంటూ విన్నాడు.

"ఏమప్పా, తలకాయ పోయే పని చెప్తా ఉండావు," అన్నాడు.

"మీరు భరిణె అందిస్తే సాలండి. తలకాయ నాదే."

"నాది మాత్రం ఇంట్లో పెట్టి వస్తానా?" అని గొణుక్కుంటూ పోయాడు గాని, పొద్దున సరిగ్గా వేళకు వచ్చాడు.

మర్నాడు ఎండ ఇంకా ముదరక ముందే అదే మైదానం, అవే కుర్చీలు. కొట్టు నుంచి మమ్మల్ని ముగ్గుర్నీ తెచ్చారు. పోలినాయుడు కర్నల్ ముందు నా కడుపు డబ్బీ తెరిచాడు. అతుకు మీది వట్టి కుంకుమ రెండు ముక్కలైంది. దాన్ని చెరపకుండా, స్ప్రింగు బిగించాడు. టర్న్‌బుల్ తన త్రాసుతో తూచి తల ఊపాడు. ఆ ముల్లు పైకి పాకుతుంటే నాకు కలిగిన సుఖం చెప్పలేను. జ్వరం తగ్గినవాడికి మొదటి ముద్ద దిగినట్టుంది.

అప్పుడు సుబేదారు పళ్ళెంతో ముందుకు వచ్చాడు. అందులో గంధం గిన్నె, కుంకుమ భరిణె పక్కపక్కనే ఉన్నాయి.

"దొరగారూ," అన్నాడు ఎల్లిసన్‌తో. "పూజ చెడింది. మళ్ళీ బొట్టు పెట్టకుండా మావాళ్ళు తుపాకి పట్టరు. ఏటా మీ చేత్తోనే కదా పెడతా ఉండారు. ఈ పొద్దు కూడా మీరే పెట్టండి."

పోలినాయుడు నా వీపు తుడిచి మెరిసేలా చేశాడు. అక్కడ ఒక్క చుక్కా లేదు.

ఎల్లిసన్ నవ్వి కర్నల్‌కు వివరించాడు. "పాత అలవాటు, సర్. నేనే పెట్టాలంటారు. వీళ్ళ ఆచారాలన్నీ నాకు కంఠతా వచ్చు." రెండు గిన్నెల వైపూ చూడనైనా చూడకుండా, అలవాటైన వేలిని అలవాటైన భరిణెలో ముంచి, నున్నటి ఇనుము మీద కుంకుమ అద్దాడు.

అదే వేలు. అదే మెత్తదనం.

గంధం గిన్నె అలాగే ఉంది. సుబేదారు చెయ్యి గాలిలో ఆగిపోయింది. చుట్టూ నిలబడ్డ సిపాయిల్లో ఒక సన్నటి గాలి తిరిగింది. అందరి కళ్ళూ ముందు నా వీపు మీది వట్టి కుంకుమను, తరవాత డబ్బీ అతుకు మీది వట్టి కుంకుమను చూశాయి. ఎల్లిసన్ ఒక్కడికే ఏమీ అర్థం కాలేదు. వేలు రుమాలుకు తుడుచుకుని వెళ్ళి కూర్చున్నాడు.

"కాల్చు," అన్నాడు కర్నల్.

పోలినాయుడు బోర్లా పడుకుని నన్ను చెంపకు ఆనించుకున్నాడు. దావీదు పళ్ళెం ఎక్కించాడు. "పాడవే," అన్నాడు పోలినాయుడు.

పాడాను. మొదటి పళ్ళెం ఒక్క ఊపిరిలో అయిపోయింది. రెండోది ఎక్కించేలోపు మౌలాలి గుట్ట నా పాటే నాకు తిరిగి పాడింది. మూడో పళ్ళెం దగ్గర కుర్చీల్లో కదలిక ఆగింది, నిన్న ఆగింది ఇక్కడే. నేను దాన్ని దాటుకుంటూ పోయాను. అట్టబొమ్మలు ఒకదాని వెనక ఒకటి నడుం విరుచుకుని పడ్డాయి. గొట్టం ఎర్రబడింది, నా పక్క గడ్డి మాడింది, దావీదు వేళ్ళు కాలాయి, అయినా పళ్ళెం తరవాత పళ్ళెం వస్తూనే ఉంది. బస్రా బురద, సరిహద్దు మంచు, అప్పటిదాకా నా గొంతులో ఉండిపోయినదంతా ఆ పొద్దున బయటికి వచ్చేసింది. పెట్టెలో తూటాలు అయిపోయి దావీదు ఖాళీ చేతులు చూపించినప్పుడు గాని పోలినాయుడు ట్రిగ్గరు వదల్లేదు.

ఒక్కసారి కూడా ఆగలేదు నేను.

పొగ తేలిపోయింది. సిపాయిలు క్రమశిక్షణ మరిచి అరిచారు. సుబేదారు వాళ్ళను గదమాయిస్తూనే తనూ అరిచాడు. తరవాత కొత్త తుపాకి వంతు వచ్చింది. అదీ బాగా కాల్చింది, కాని రెండుసార్లు ఆగి గొంతు సవరించుకుంది. టర్న్‌బుల్ టోపీ తీసి, సూటిగా నా వైపు వంగాడు. దొర ఒక తుపాకికి టోపీ తీయడం నేనెక్కడా చూడలేదు. కొన్నేళ్ళకు అతని తుపాకి లాంటివే నా చోటులోకి వచ్చాయి, నేను అద్దాల పెట్టెకు వచ్చాను. దానికి నాకేం కోపం లేదు. ఆ రోజు మాత్రం నాది.

కర్నల్ బ్రాక్‌వే లేచి నా దగ్గరికి నడిచి వచ్చాడు. వంగి, అతుకు మీది బొట్టునూ నా వీపు మీది బొట్టునూ మార్చి మార్చి చూశాడు. తరవాత మిగతా బొట్లు చూశాడు. వాటి చుట్టూ పచ్చటి అంచు. ఈ రెంటికీ లేదు. భాష రానివాడే గాని కళ్ళున్నవాడు.

"టర్న్‌బుల్," అన్నాడు వెనక్కి తిరక్కుండా. "ఈ తుపాకి నిన్న ఓడిపోవడం వల్ల ఎవరికి లాభం?"

"నాకు, కర్నల్," అన్నాడు టర్న్‌బుల్. కాసేపు చుట్ట కొరికాడు. "ఇంకొకరికి కూడా. ఆర్డరు వస్తే బొంబాయి ఆఫీసులో పెద్ద కుర్చీ ఇస్తామని మా కంపెనీ ఈ కంటోన్మెంటులోనే ఒకరికి మాటిచ్చింది. అది తప్పు పనేం కాదు, అందుకే మీకు చెప్తున్నాను. కాని ఆ మనిషి తనంతట తాను చెప్పుకుంటే బాగుంటుందని ఎదురుచూస్తున్నాను."

ఎల్లిసన్ రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కర్నల్ నిటారుగా నిలబడ్డాడు. "కెప్టెన్, ఈ నాయక్‌ను అడుగు. స్ప్రింగు తీసింది ఎవరు?"

ఎల్లిసన్ పోలినాయుడి ఎదుటికి వచ్చాడు. ముఖంలో అదే మెత్తటి చిరునవ్వు, కాని కణత దగ్గర చెమట కారుతోంది. "స్ప్రింగును తీసినది ఎవరని దొరగారు అడుగుచున్నారు. తొందరపడవలదు. దావీదు నీకు మిత్రుడు. నీవు ఏమి చెప్పినను దానిని నేనే గదా ఇంగ్లీషున చెప్పవలసినది."

"అదేనండి నా బయ్యం," అన్నాడు పోలినాయుడు. "నిన్న నాను బారెడు సెప్తే మీరు బెత్తెడు సెప్పినారు. ఇయాల మీకా కష్టం లేకుండా సెప్తాను. ఒక్క మాటే. దాన్ని తిప్పి సెప్పక్కర్లేదు. తెలుగులోనైనా అదే, ఇంగ్లీషులోనైనా అదే."

ఎల్లిసన్ చిరునవ్వు కదల్లేదు, కాని పెదవుల రంగు పోయింది.

"ఏమంటున్నాడు?" అన్నాడు కర్నల్.

ఎల్లిసన్ రుమాలుతో కణత తుడుచుకున్నాడు. దావీదు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పోలినాయుడు దుబాసీని దాటుకుని ఒక్క అడుగు పక్కకు వేసి, కర్నల్ ముఖంలోకి సూటిగా చూశాడు. మడమలు దగ్గరకు చేర్చి సెల్యూట్ కొట్టాడు. మైదానం చివర్న ఉన్న అట్టబొమ్మలకు కూడా వినబడేలా, కవాతులో హాజరు పిలిచే గొంతుతో అన్నాడు.

"కెప్టెన్ ఎల్లిసన్."